మందు మూత లెక్క

బోర్డు మీద లెక్క పూర్తయ్యాక రెబెకా రెండడుగులు వెనక్కి వేసి, దాన్ని మొదటి నుంచి మళ్లీ చదివేది. పిల్లల వైపు తిరగకుండానే ఇంకోసారి చదివేది. ఏడో తరగతి పిల్లలకు ఇది అలవాటైపోయింది. టీచర్ రెండోసారి చదవడం అయ్యేదాకా ఎవరూ నోట్సులోకి ఎక్కించేవాళ్లు కాదు.

2005లో ఆమెకు ఇరవై మూడేళ్లు. తెలకపల్లిలో ఉంటూ, అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊరి బడికి విద్యా వాలంటీరుగా వెళ్లేది. వాలంటీరంటే ఊరి బడి కమిటీ ఏడాదికోసారి పెట్టుకునే టీచరు. జూన్‌లో పేరు రాస్తారు, ఏప్రిల్‌లో కొట్టేస్తారు. మళ్లీ జూన్‌లో రాస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. తండ్రి ఇమ్మానుయేల్, తల్లి ఈరమ్మ కూలి పనికి పోయేవాళ్లు. పత్తి కాలంలో తండ్రి వాళ్ల చేనుకూ వీళ్ల చేనుకూ మందు కొట్టడానికి వెళ్లేవాడు. వాళ్ల వాడలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషి రెబెకా. తాను ఒక తప్పు చేస్తే ఆ మాట తన ఒక్కదాని మీదనే ఆగదని, వాడ మొత్తాన్నీ అంటారని ఆమెకు లోపల ఎప్పుడూ ఒక బెదురు ఉండేది. అందుకే ఆ రెండుసార్లు చదవడం.

ఆ ఏడాది ఆగస్టులో నిష్పత్తి, అనుపాతం పాఠం మొదలుపెట్టింది. పుస్తకంలో లెక్కలన్నీ రైళ్ల మీద ఉన్నాయి. రైలు గంటకు అరవై కిలోమీటర్లు పోతే, రెండున్నర గంటల్లో ఎంత దూరం పోతుంది? తరగతిలో ముప్పై ఒక్క మంది. రైలు ఎక్కినవాళ్లు ఇద్దరు, వాళ్లు కూడా అమ్మానాన్నలతో వలస పోయినప్పుడు గద్వాల దగ్గర ఎక్కినవాళ్లే. మిగతావాళ్లు సూత్రం బట్టీ పట్టారు. పైది, కిందిది, అడ్డంగా గుణించడం. జవాబు వచ్చేది. కానీ రైలు రెండున్నర గంటల్లో ఇరవై నాలుగు కిలోమీటర్లే పోయిందని ఒకరు రాసినా, అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

రెబెకా పుస్తకం మూసింది.

"బిందె నిండాలంటే బోరింగు ఎన్నిసార్లు కొట్టాలె?" అని అడిగింది.

తరగతంతా ఒక్కసారిగా మాట్లాడింది. ముప్పై ఐదు అన్నారు, నలభై అన్నారు, బిందె సైజు చెప్పమన్నారు. నలభై అనుకున్నారు. మూడు బిందెలకు నూట ఇరవై అని అందరూ చెప్పారు. కిటికీ పక్కన కూర్చున్న నవనీత మాత్రం చెయ్యెత్తింది.

"మూడో బిందెకు చేతులు గుంజుతయి టీచర్. అప్పుడు నలభైకి నిండది. యాభై అయితది."

రెబెకా ఆ మాటకు నవ్వింది గాని, ఇంటికి నడిచి వస్తూ దాని గురించే ఆలోచించింది. రేటు మారకుండా ఉంటేనే అనుపాతం పనిచేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఎక్కడో ఒక మూల, ఒక్క వాక్యంలో ఉంది. ఈ పిల్లకు అది తన చేతుల నొప్పితోనే తెలిసింది. ఆ తర్వాత రెండు వారాలు ఆమె లెక్కలన్నీ ఇళ్లల్లో నుంచే తెచ్చింది. కిలో జొన్నపిండికి ఎన్ని రొట్టెలు? ఎనిమిది మంది మూడు రోజుల్లో కలుపు తీసిన చేను ఆరుగురు ఎన్ని రోజుల్లో తీస్తారు? తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్‌కు బస్సు ఎంతసేపు పడుతుంది, ఆటో ఎంతసేపు? పిల్లలు కొట్లాడుకుంటూ లెక్కలు చేశారు. హెడ్‌మాస్టరు శివశంకర్ సారు ఒకసారి కిటికీలో నుంచి చూసి, "గోల జర తగ్గించమ్మా. సిలబస్ ఎంత దాంక వచ్చింది?" అని అడిగి వెళ్లిపోయాడు.

సెప్టెంబరులో పత్తికి పురుగు పడింది. ఊళ్లో ఎక్కడికి పోయినా మందు వాసనే. మంగళవారం చివరి పీరియడ్‌లో పిల్లలే అడిగారు, వీపుకు తగిలించుకుని మందు కొట్టే పంపు లెక్క చెప్పమని. రెబెకా బోర్డు మీద రాసింది. లీటరు నీళ్లకు రెండు మిల్లీలీటర్ల మందు. పంపు పట్టేది పదహారు లీటర్లు. పంపుకు ఎంత మందు? ముప్పై రెండు మిల్లీలీటర్లని అందరూ చెప్పారు.

నవనీత లేచి నిలబడింది. "మా ఇంట్ల మిల్లీలీటర్లు లెవ్వు టీచర్. మా నాయిన మూతతోటి పోస్తడు. మూతకు ఎన్ని పడుతయి?"

రెబెకాకు తన ఇంట్లో చూరులో చెక్కి ఉండే పావు లీటరు సీసా గుర్తొచ్చింది. దాని మూత బొటనవేలంత ఉండేది. బడి వదిలే సమయమైంది, వరండాలో చిన్నపిల్లలు అప్పుడే సంచులు తగిలించుకుంటున్నారు.

"మూతకు పది అనుకుందాం," అంది.

మూడు మూతలు, పైన ఇంకొంచెం. నవనీత రాసుకుంది. రెబెకా వెనక్కి జరిగి లెక్కను రెండుసార్లు చదివింది. గుణకారం సరిగ్గానే ఉంది. గంట కొట్టారు.

శుక్రవారం పొద్దున హాజరు తీస్తుంటే నవనీత పలకలేదు. రెబెకా తలెత్తింది. ముందు వరుసలోని అమ్మాయి చెప్పింది.

"వాళ్ల నాయినను దవాఖానకు తీస్కపోయిన్రు టీచర్. నిన్న మందు కొట్టుకుంట చేన్ల పడిపోయిండు."

ఇంకొక గొంతు వెనక నుంచి వచ్చింది. "నవనీత లెక్క జెప్పిందంట. మూడు మూతలు పోయమని."

రెబెకా హాజరు పుస్తకంలో తర్వాతి పేరు పిలిచింది. ఆ తర్వాతి పేరూ పిలిచింది. పిలిచినవాళ్లు పలికారో లేదో ఆమెకు వినపడలేదు. పుస్తకం మూసి, నేరుగా ఆఫీసు గదికి పోయింది. శివశంకర్ సారుకు అప్పటికే తెలుసు.

"నువ్వు జెప్పిన లెక్క తప్పా?" అని అడిగాడాయన.

"తప్పు కాదు సార్," అంది. కొంచెం ఆగి, "తెల్వదు సార్. నేను దవాఖానకు పోయొస్త" అంది.

తెలకపల్లి దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. బస్సులో టికెట్టు వెనక చిన్న అక్షరాలతో లెక్క వేసింది. పదహారు ఇంటూ రెండు. ముప్పై రెండు. భాగించు పది. మూడు పాయింట్ రెండు. ఆ తర్వాత లీటరుకు రెండు అన్నది ఎక్కడి నుంచి తెచ్చానని ఆలోచించింది. తండ్రి చెప్పినదే, షాపువాళ్లు రాసిచ్చేదే. తనకు ఎనిమిదేళ్లప్పుడు తండ్రి కూడా ఇట్లాగే మందు కొడుతూ పడిపోతే మంచం మీద మోసుకొచ్చారు. అప్పుడు ఆయన కంటిపాపలు ఆవగింజలంత అయిపోయి ఉండడం ఆమెకు ఇంకా గుర్తు. టికెట్టు చెమటకు తడిసి, అంకెలు అలికిపోయాయి. నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగేటప్పుడు, కండక్టర్ "జర చూసుకో అమ్మా" అనేదాకా మెట్టు పట్టుకుని నిలబడింది.

నవనీత తండ్రి బాలస్వామి కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఒక చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. రెండో చెయ్యి మంచం పట్టెకు గుడ్డతో కట్టి ఉంది. విరుగుడు సూదుల మత్తులో గాలిలోంచి ఏదో తెంపుతున్నట్టు వేళ్లు కదుపుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతున్నాడు. భార్య అంజమ్మ కింద కూర్చుని ఉంది. నవనీత బడి బట్టల్లోనే గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో నోట్సులో నుంచి చింపిన కాగితం మడతలు పడి ఉంది.

"ఎట్లుంది అక్కా?" అని రెబెకా అడిగింది.

"రెండు దినాలు ఆగితె గాని చెప్పమంటుండ్రు," అంది అంజమ్మ. ఆమె కళ్లు ఎండిపోయి ఉన్నాయి. "ఏం మందు కొట్టిండో తెమ్మని డాక్టరు అడిగితె సీసా తెచ్చిన. అగో, ఆ సంచిల ఉంది."

రెబెకా సంచి విప్పి చూసింది. లీటరు సీసా. దాని మూత ఆమె అనుకున్నట్టు బొటనవేలంత లేదు. చిన్న గిన్నెలాగా ఉంది.

ఆమె నర్సు దగ్గరికి పోయి, సూది లేని సిరంజి ఒకటి కావాలని అడిగింది. ఎందుకని నర్సు అడిగితే ఉన్నది చెప్పింది. నర్సు ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, ఐదు మిల్లీలీటర్ల సిరంజి ఇచ్చింది. మూత ముట్టుకునే ముందు చేతులకు తొడుక్కోమని రబ్బరు తొడుగులు కూడా ఇచ్చింది. బయట నల్లా దగ్గర మూతను కడిగి గచ్చు మీద పెట్టి, రెబెకా సిరంజితో నీళ్లు పోసింది. ఐదు. ఇంకోసారి పోసింది. పది. మూత సగం కూడా నిండలేదు. పదిహేను. కొన్ని చుక్కలు పక్కన పడ్డాయి. నీళ్లు పారబోసి, మళ్లీ మొదటి నుంచి పోసింది. ఐదు, పది, పదిహేను, ఇరవై. ఐదోసారి పోసినప్పుడు నీళ్లు అంచుకు వచ్చి నిలిచాయి.

మూతకు ఇరవై ఐదు. మూడు మూతలు డెబ్భై ఐదు. పైన ఇంకొంచెం. ముప్పై రెండు పడాల్సిన చోట దానికి రెండింతల కంటే ఎక్కువ.

అక్కడ ఎవరూ లేరనుకుంది. మూతను సంచిలో పెట్టి, సీసా మూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు అన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని ఆమె తర్వాత తండ్రితో ఒప్పుకుంది. తల తిప్పితే నవనీత గుమ్మంలో నిలబడి ఉంది.

"ఐదుసార్లు పోసిన్రు టీచర్," అంది నవనీత. "నేను లెక్కవెట్టిన."

రెబెకా లోపలికి వచ్చి అంజమ్మ పక్కన కూర్చుంది. "అక్కా, మూతకు పది అని పిల్లకు నేనే చెప్పిన. కొలువకుంట చెప్పిన. ఈ మూతకు ఇరవై ఐదు పడుతయి. పిల్ల తప్పేం లేదు."

అంజమ్మ భర్త చేతికి ఉన్న గుడ్డ కట్టు సరిచేసింది. "గిప్పుడేం జెప్పకు టీచరమ్మా," అంది. "గిప్పుడు నాకేం ఎక్కదు. ఆయన లేస్తె ఆయనకే జెప్పు."

మరుసటి రోజు బళ్లో కమిటీ కూర్చుంది. అంతకుముందే శివశంకర్ సారు ఆమెను పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. బడికి ఏమీ కాకూడదని ఆయన తాపత్రయం.

"చూడమ్మా, బోర్డు మీద నువ్వు రాసింది ముప్పై రెండే గదా. పిల్ల తప్పు విన్నదను. మూతల సంగతి నువ్వు చెప్పలేదను. పసిపిల్ల, దాన్ని ఎవరూ ఏమనరు."

రెబెకా వరండాలోకి నడిచింది. కమిటీ చైర్మన్ రామన్న, ఇంకో నలుగురు పెద్దమనుషులు వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. రామన్న సంగతేందని అడిగాడు. రెబెకా ఆయన వైపే తిరిగి చెప్పింది.

"పిల్ల సరిగనే విన్నది. సరిగనే రాసింది. మూతకు పది అని నేనే చెప్పిన. నాకు తెల్వకుంటనే చెప్పిన."

"పుస్తకంల లేనియి ఎందుకు చెప్పాలె?" అన్నాడు బెంచీ చివర ఉన్నాయన. "కూలి చేసుకునేటోళ్ల పిల్ల అని జాలిపడి పెట్టుకుంటిమి. చేన్ల సంగతులు పిల్లలకు చెప్పి సంసారాలు కూలుస్తదా?"

రెబెకా నేల వైపు చూసింది. ఎన్నాళ్ల నుంచో వస్తుందని భయపడిన మాట అదే. వచ్చాక, అది తాను ఊహించినంత గట్టిగా తగల్లేదు. ఆ సమయంలో ఆమె మనసంతా కిటికీ పక్క మంచం మీదనే ఉంది.

"బాలస్వామి సంగతి తేలేదాంక బడికి రాకు," అన్నాడు రామన్న. "తేలినంక చూద్దాం."

ఆదివారం చర్చిలో ఆమె కళ్లు మూసుకుంది గాని ప్రార్థన ముందుకు సాగలేదు. బాలస్వామి బతకాలని అడుగుతున్నది ఆయన కోసమా తన కోసమా అన్నది తేలక, మధ్యలోనే ఆపేసింది. బయటికి వచ్చాక ఇమ్మానుయేల్ చెప్పులు తొడుక్కుంటూ, "పా బిడ్డా, నేను గూడ వస్త" అన్నాడు. బస్సులో ఆయన ఒకే మాట అన్నాడు. "ఇరవై ఏండ్ల సంది మందు కొడుతున్న. ఎవరి సీసా మూత ఎంత పడుతదో ఎన్నడు అడగలె."

వార్డు గుమ్మం దగ్గర రెబెకా ఆగిపోయింది. మంచం ఖాళీగా కనపడింది. తండ్రి భుజం పట్టుకుంది. ఆ తర్వాత చూస్తే బాలస్వామి గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అంజమ్మ ఆయనకు గ్లాసుతో జావ తాగిస్తోంది. చేతికి కట్టు లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని మనిషిని గుర్తుపడుతున్నాడు.

రెబెకా ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. మూత, సిరంజి, ఐదుసార్లు పోయడం, కమిటీలో తాను చెప్పింది, అన్నీ. బాలస్వామి మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మూడు మూతలు ఎక్కువంటున్నవా?" అన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేనెప్పుడు నాలుగు పోస్తుంటి. ఈసారి పిల్ల వద్దన్నదని ఒకటి తగ్గించిన."

రెబెకాకు వెంటనే అర్థం కాలేదు. నాలుగు అంటే వంద. ఏళ్ల తరబడి వంద.

"పంపు గూడ కారుతుండె," అన్నాడు బాలస్వామి. "వీపంత నానింది. అంగీ ఇప్పేసి కొట్టిన."

డాక్టరు వచ్చినప్పుడు రెబెకా ధైర్యం చేసి అడిగింది, మందు చిక్కన కావడం వల్లనేనా అని. కారే పంపు, ఎండ, ఒట్టి వీపు, చిక్కటి మందు, అన్నీ ఉన్నాయన్నాడాయన. ఏది ఎంత అని విడదీసి చెప్పడం తన వల్ల కాదన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకోవాలో భయపడాలో తెలియక నిలబడింది. తప్పు తనది కాదని ఎవరూ అనలేదు. తనదేనని కూడా అనలేదు.

బయలుదేరేటప్పుడు బాలస్వామి ఆమెను పిలిచాడు. "లెక్కలు చెప్పొద్దని నేను అనను టీచర్. నా బిడ్డ ఒక్కతే ఇంట్ల నాకు అడ్డం చెప్పేది. కని నీకు తెల్వనిది తెల్వదను. అనుకుందాం అంటె, మేం గదే ఖరారనుకుంటం."

బుధవారం ఆయనను ఇంటికి పంపారు. ఆ సాయంత్రం రామన్న ఆయనను చూడడానికి పోయాడు. అక్కడ నాలుగు మూతల సంగతి విన్నాడు. గురువారం పొద్దున రెబెకాకు కబురు వచ్చింది. బడికి పోయేసరికి రామన్న వరండాలో ఉన్నాడు. కాగితంలో చుట్టిన మూతను బెంచీ మీద పెట్టాడు.

"నాది ఎంత పడుతదో చూడు," అన్నాడు. 

దవాఖానలో తీసుకున్న సిరంజితో కొలిస్తే పదిహేడు పట్టింది. మధ్యాహ్నానికి ఇంకా కొందరు వచ్చారు. రెబెకా పిల్లలెవరినీ మూతలు ముట్టుకోనివ్వలేదు. మగవాళ్లే కడిగి, వాళ్లే సిరంజితో నీళ్లు పోశారు. పిల్లలు దూరంగా కూర్చుని పట్టికలో రాశారు. పదకొండు మూతలు. అన్నిటికంటే చిన్నదానికి ఎనిమిది, పెద్దదానికి ముప్పై. ఊరంతా మూత అనే మాట ఒక్కటే. ప్రతి సీసాకు విడిగా పంపుకు ఎంతో పిల్లలు లెక్క వేశారు. ఆ కాగితాలు తండ్రులు తీసుకుపోయారు. అందులో ఎందరు ఆ ప్రకారం పోశారో రెబెకాకు తెలియదు. పంపు ఎత్తిన మనిషి కనపడితే చాలు, ఆ సీజనంతా ఆమె ఆగి, వీపు తడిసిందేమో చూసేది.

నవనీత వారం తర్వాత బడికి వచ్చింది. కిటికీ పక్కన కాకుండా చివరి వరుసలో కూర్చుంది. మూడు వారాలు ఒక్క ప్రశ్నకూ చెయ్యెత్తలేదు. అడిగితే "తెల్వదు టీచర్" అనేది. లెక్క నోట్సులో ఉండేది, చెప్పేది కాదు. అన్నిటికంటే రెబెకాను ఎక్కువ వేధించింది అదే. ఒక రోజు బడి వదిలాక ఆపి అడిగింది.

"నేను చెప్తె నాయిన పోస్తడు టీచర్," అంది నవనీత. "మల్ల తప్పయితె?"

 "నాకు గూడ అదే భయం," అంది రెబెకా. "ఇద్దరం ఒకరిది ఒకరం చూసుకుందాం. నాది నువ్వు చూడు, నీది నేను చూస్త." ఆ రోజు నుంచి బోర్డు మీద లెక్క అయ్యాక నవనీత లేచి వచ్చి చదివేది. దసరా సెలవులు అయ్యాక ఒక రోజు, టీచర్ గంటలు రాసి నిమిషాలు కలపడం మరచిపోయిందని చూపించింది. తరగతి నవ్వింది. నవనీత కూడా నవ్వింది.

ఏప్రిల్‌లో రెబెకా పేరు మామూలుగానే కొట్టేశారు. జూన్ గడిచింది, కబురు రాలేదు. ఆ నెలంతా తల్లితో కలిసి విత్తనాలు పెట్టడానికి పోయింది. జూలై రెండో వారంలో రామన్న మనిషిని పంపాడు. ఇంకో రెండేళ్లు అక్కడే చెప్పింది. ఆ తర్వాత బి.ఇడి. పూర్తి చేసి, పరీక్ష రాసి ఖిల్లా ఘణపూర్ దగ్గర సర్కారు బళ్లో ఉద్యోగంలో చేరింది. బాలస్వామి బతికాడు గాని, ఆ ఏడాదంతా చూపు కొంచెం మసకగానే ఉండేది. మందు కొట్టడానికి మళ్లీ చేనులోకి దిగలేదు. ఆ పని కూలికి ఇచ్చాడు.

2009 మేలో నవనీత ఫోన్ చేసింది. పదిలో లెక్కలకు తొంభై ఒకటి వచ్చాయని చెప్పింది. ఏ గ్రూపు తీసుకోవాలని అడిగింది. ఎంపీసీ అని రెబెకా నోటిదాకా వచ్చింది.

"నీకేది ఇష్టం?" అని అడిగింది.

"బైపీసీ టీచర్. నర్సింగు చేద్దామనుకుంటున్న. నాయిన సరేనన్నడు. అమ్మనే పరేషాన్ అయితుంది."

"అమ్మ దగ్గరికి నేనొచ్చి మాట్లాడుత," అంది రెబెకా. మాటైతే ఇచ్చింది గాని, అంజమ్మ ఎదుట కూర్చుని ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఆ వారమంతా సరిగ్గా తినలేదు. ఆదివారం పోయింది. అంజమ్మ చాయ్ పెట్టింది, నర్సింగు ఎన్నేళ్లు, హాస్టల్ ఎక్కడ, ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు అని ఒక్కొక్కటే అడిగింది. తెలిసినవాటికి రెబెకా జవాబు చెప్పింది, తెలియనివాటికి తెల్వదంది. జూన్‌లో నవనీత నాగర్‌కర్నూల్ కాలేజీలో చేరింది.